ఊకొట్టిన వాంగ్మూలం

“ఇంకోసారి పెట్టు,” అన్నాడు శివరాం.

హితేష్ తండ్రి వంక చూడకుండానే ఫోను తెర మీద బొటనవేలు ఆనించాడు. ఇనుప మంచం మీద, మడతపెట్టిన దుప్పట్ల నడుమనుంచి ఆ అమ్మాయి గొంతు మళ్ళీ లేచింది. మెత్తని గొంతు, మర్యాద తప్ప మరేమీ ఎరగని గొంతు. ఆమె ఇంగ్లీషులో ఒక వాక్యం పలికి కాస్త ఆగుతుంది. ఆగిన ఆ సందులో శివరాం గొంతు, “ఎస్ మేడమ్,” అంటుంది. ఆమె మరో వాక్యం పలుకుతుంది. “ఎస్, ఎస్ మేడమ్.”

పొయ్యి ముందు వెనుదిరిగి నిలబడిన కోడలు రుతుజకు ఆ వాక్యాలన్నీ ఇప్పటికే కంఠస్థమైపోయాయి. వద్దనుకున్నా అవి ఆమె మనసులో తెలుగులోకి మారిపోతూనే ఉన్నాయి. ఆ రోజు విధుల్లో ఉన్న సూపర్వైజరు మీరు. ఎస్ మేడమ్. లిఫ్టు గుంతలో మనిషి దిగి ఉన్నాడని మీకు తెలుసు. ఎస్ మేడమ్. కింది అంతస్తులోని స్విచ్చుల పెట్టె మీ అధీనంలో ఉంటుంది. ఎస్, ఎస్ మేడమ్. మనిషి బయటికి రాకముందే స్విచ్చు వేసింది మీరే.

ఎస్ మేడమ్.

“అగో, ఆడ ఆపు!” శివరాం మంచం మీదినుంచి లేచాడు. “స్విచ్చు నేను వేసిన్నని ఎప్పుడన్న? ఆమె చెప్తున్నది, నేను వింటున్న. గంతే.”

“వింటే వినాలె పప్పా. నోరెందుకు తెరిచినవ్?”

“పెద్ద ఆఫీసర్ మాట్లాడుతుంటే బొమ్మ లెక్క కూసుంటరా? ఆమె ఒక్కతే చెప్పుకుంటు పోతె, ఈడ మనిషున్నడో లేడో ఆమెకెట్ల తెలుస్తది?”

“తెలిసింది కద ఇప్పుడు! మస్తుగ తెలిసింది!”

“హితేష్, ఆయన్నెందుకు అంటవ్?” తల్లి రత్నాబాయి గోడకు ఆనుకుని కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంది. తల ఎత్తలేదు. “నేర్పినోళ్ళను అను.”

ఆ పది అడుగుల ఒంటిగది ఖోలీలో ఉన్నది నలుగురు. ఆ మాట ఎవరికి చెందుతుందో నలుగురికీ తెలుసు. రుతుజ పొయ్యి మంట తగ్గించింది. తగ్గించవలసిన పనేమీ లేదు, పాలు ఇంకా కాగనే లేదు.

*

గత వారం వర్లిలోని ఆఫీసు భవనంలో లిఫ్టు గుంత శుభ్రం చేయడానికి దిగిన నరేష్ మీదికి లిఫ్టు దిగింది. ప్రాణం దక్కింది, కుడికాలు మోకాలి కింద దక్కలేదు. ఆ వేళ శివరాం డాబా మీద నీళ్ళ ట్యాంకు దగ్గర ఉన్నాడు. కింద స్విచ్చు ఎవరు వేశారో చూసినవాళ్ళు లేరు. విచారణ బాధ్యత తీసుకున్న బయటి సంస్థ ఒకటి అందరి వాంగ్మూలాలనూ ఫోనులోనే తీసుకుంది. శివరాం మాట్లాడినదాని రికార్డింగును సైటు మేనేజరు శంకర్రావు నిన్న సాయంత్రం హితేష్‌కు పంపాడు. కింద ఒకే ముక్క: మీ నాన్న ఒప్పుకున్నాడు.

ఒప్పుకోవడమంటే ఏమిటో శివరాంకు తెలియక కాదు. ఒప్పుకోవడం వేరు, వినడం వేరు అని ఆయన నమ్మకం. ఆయన తాత ఈ నగరంలో రాళ్ళు మోసిన కామాటి. సందెవేళ గల్లీలో మంచం వాల్చుకుని కథ చెప్పేవాడట. వాక్యం వాక్యానికీ పిల్లలు ‘ఊ’ కొట్టాలి. కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోయేది. నిద్రపోయాడనో, పొగరుబట్టాడనో లెక్క. చెప్పేవాణ్ణి ఒంటరిగా వదిలేయకూడదన్నది ఆ ఇంట్లో నేర్పిన మొదటి మర్యాద. శివరాం పెళ్ళాం మాటలకూ ఊకొడతాడు, రేడియోకూ ఊకొడతాడు, ఫోరస్ రోడ్డు మలుపులో టాక్సీవాడు తనలో తాను తిట్టుకుంటున్నా ఆగి ఊకొడతాడు.

ఇంగ్లీషు విని అర్థం చేసుకోగలిగినవాడికే సూపర్వైజరు చొక్కా అని మొన్న ఎండాకాలంలో, అప్పటికి లిఫ్టుమనిషిగా ఉన్న శివరాంకు కంపెనీ చెప్పినప్పుడు, ఆ ఇంట్లో ఇంగ్లీషు తెలిసిన మనిషి రుతుజ ఒక్కతే. పెళ్ళికి ముందు కొరియర్ ఆఫీసులో ఫోన్లెత్తే ఉద్యోగం చేసింది. అప్పుడు తాను ఏ పాఠాలు విని నేర్చుకుందో ఆ పాఠాలనే మామగారికి వినిపించింది. రోజూ పొద్దు వాలాక ఖోలీల ముందరి గ్యాలరీలో రెండు స్టూళ్ళు. నడుమ ఫోను. ‘బ్యాంకులో’. ‘ఆసుపత్రి కౌంటరు దగ్గర’. ‘కోపంగా ఉన్న కస్టమరు’. సంభాషణ వినాలి, తరువాత వచ్చే ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

కోడలి ఎదుట స్టూలు మీద కూర్చోవడానికి మొదట్లో ఆయనే సిగ్గుపడ్డాడు. తరువాత ఫోనులోని దొరలకూ ఊకొట్టసాగాడు.

“ఊ అనొద్దు మామా. ఆఫీసుల బాగుండదు,” అంది ఆమె ఒకనాడు నవ్వుతూ.

“మరేమనాలె? ఊకెనే ఉంటే నాకు వినొస్తలేదు బిడ్డా.”

“ఎస్ అనుండ్రి.”

అంతే. అంత చిన్న మాట. గ్యాలరీలో పోతూ పోతూ అన్నమాట. పరీక్ష తీసుకున్న అధికారి, ఇతడు శ్రద్ధగా వింటాడని మెచ్చుకుని మరీ పాస్ చేశాడు. ఆ రోజు రత్నాబాయి చాల్‌లోని గదులన్నిటికీ పేడా మిఠాయిలు పంచింది. కోడలి నోట్లో మొదటి ముక్క తానే పెట్టింది.

*

“ఎస్ అనమన్న, నిజమే అత్తమ్మా,” అంది రుతుజ పాలు దించుతూ. “గిట్ల అయితదని నాకేమెరుక?”

“నీకెరుక లేదు. ఆయనకెరుక లేదు. ఎరుకున్నదెవరికి మరి? ఈ ముసలిదానికి!” రత్నాబాయి చిక్కుడుకాయను నడిమికి విరిచింది. “నేనప్పుడే అన్న. ఇంత వయసుల ఇంగ్లీషెందుకు, చొక్కా ఎందుకు అని. లిఫ్టు బటన్ ఒత్తుకుంట కూసున్నన్ని రోజులు ఒక్కడన్న వేలెత్తి చూపిండా ఈయన్ని?”

“పేడాలు పంచింది ఎవరు?” శివరాం మెల్లగా అన్నాడు.

“పంచిన! పంచినందుకు సిగ్గయితున్నది!”

తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

అందరూ అటు తిరిగారు. ఎల్లయ్య. నరేష్ తండ్రి. పాలమూరునుంచి వచ్చి, ఇదే గల్లీ చివర కూలీలందరితో కలిసి ఒక గదిలో ఉంటాడు. కొడుకును ఈ పనిలో పెట్టించమని అడిగింది తానే, పెట్టించింది శివరాం. నిన్న కూడా వచ్చాడు. ఒక్క మాటైనా అనకుండా గడప అవతల చాలాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు. తిడితే బాగుండునని రుతుజకు అనిపించింది.

“రా ఎల్లన్నా, లోపటికి రా,” అన్నాడు శివరాం.

“ఈడనే మంచిగున్నది.” ఎల్లయ్య గడప అవతలే గొంతుక్కూర్చున్నాడు. “శివరామన్నా, ఒక్క మాట అడుగుత. తప్పుగ అనుకోవద్దు. స్విచ్చు నువ్వేసినవా?”

“లేదు. నా పిల్లల మీద ఒట్టు. నేను మీద ట్యాంకి కాడ ఉన్న.”

“ఊ.” ఎల్లయ్య తన అరచేతులు చూసుకున్నాడు. “శంకర్రావు సాబు దావఖాన్లకు వచ్చి నాకు ఫోన్ల వినిపించిండు. నాకేం సమజ్ గాలే. నీ గొంతు మాత్రం గుర్తువట్టిన. నువ్వు తెలుగుల లేదంటున్నవ్. ఇంగ్లీషుల అవునన్నవంట. నేను ఏది నమ్మాలె?”

శివరాం తలెత్తి చూశాడు. గుమ్మం మీది దండెం మీద సూపర్వైజరు చొక్కా ఆరుతోంది. దాని జేబు మీద ఎర్రదారంతో ఆయన పేరు ఇంగ్లీషులో కుట్టి ఉంది.

“కాకా,” అంది రుతుజ ముందుకు వచ్చి. “తప్పు నాది. ఆయనకు ఎస్ అనుడు నేను నేర్పిన. విన్న అని చెప్పేతందుకు.”

ఎల్లయ్య ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అర్థం చేసుకోవాలన్న ప్రయత్నం ఉంది, అది కుదరలేదు.

“నీ తప్పయితే నా పోరని కాలు వస్తదా బిడ్డా?” అన్నాడు.

*

శంకర్రావుకు రుతుజే ఫోను చేసింది. స్పీకరు పెట్టమని హితేష్ సైగ చేశాడు.

“చూడమ్మా, నా చేతుల ఏమీ లేదు,” అన్నాడు శంకర్రావు. నిజంగా విచారిస్తున్నట్టే ఉంది గొంతు. “శివరాం నాకు తమ్ముని లెక్క. అందుకనే మళ్ళొకసారి మాట్లాడుమని ఆ మేడమ్‌ను బతిమిలాడిన. రేపు మధ్యాహ్నం ఫోన్ వస్తది. ఆఖరి మోకా.”

“సార్, హిందీల అడుగుమని చెప్పుండ్రి. లేకుంటే మరాఠీల.”

“అది కాదమ్మా. మొదటిది ఇంగ్లీషుల ఇచ్చిండు, రెండోది గుడ ఇంగ్లీషులనే ఉండాలె. ఇంకోటి, ఇంగ్లీషు వస్తదనే కద సూపర్వైజర్ చేసింది? రాదంటే అది ఇంకో కేసు అయితది. ఆలోచించుకో.”

“సరే సార్,” అంది రుతుజ. “ఆ పెట్టె తాళం పోయింది, రిపేర్ చేపియ్యాలె అని మా మామ మీకు ముందుగాల్నే చెప్పిండు. అదొక్కటి మీరు మేడమ్‌కు చెప్తె...”

అవతల కుర్చీ కిర్రుమంది.

“తాళమా? నాకు చెప్పినట్టు యాదికి లేదమ్మా,” అన్నాడు శంకర్రావు. “రేపు ఫోనప్పుడు ఖోలీల ఇంకెవ్వరు ఉండొద్దు. శివరాం ఒక్కడే. చెప్తున్న, వెనకనుంచి ఎవరన్న అందిచ్చినట్టు తెలిస్తే మొత్తం ఖతం.”

ఫోను పెట్టేశాడు.

శివరాం నవ్వాడు. ఆ నవ్వు చూడలేక రుతుజ తల తిప్పుకుంది. తాళం సంగతి ఆ ఇంట్లో మరిచిపోగలిగినవాళ్ళు లేరు. పాఠాల్లో ఒకటి, ‘పాడైన వస్తువు గురించి పై అధికారికి తెలపడం’. ఆ పాఠం రోజు, మీ ఆఫీసులో ఏది పాడైంది మామా అని ఆమె అడిగితే, స్విచ్చుల పెట్టె తాళం అన్నాడు. దాన్నే వాక్యంగా కూర్చి ఇచ్చింది. ది లాక్ ఆఫ్ ద ప్యానెల్ ఈజ్ బ్రోకెన్ సర్. గ్యాలరీలో అటూ ఇటూ నడుస్తూ, బడిపిల్లవాడు పద్యం వల్లించినట్టు వల్లించాడు. మరునాడు వరండాలో శంకర్రావు ఎదురైతే, చేతులు కట్టుకుని అప్పజెప్పాడు. ఆయన జీవితంలో ఇంకొక మనిషితో పలికిన మొదటి ఇంగ్లీషు వాక్యం అది.

“ఏమన్నడు మామా?” అని ఆ సాయంత్రం అడిగింది.

“‘వా శివరాం, క్యా ఇంగ్లిష్!’ అన్నడు. భుజం తట్టిండు.”

“మరి తాళం?”

“తాళం ముచ్చట...” శివరాం ఆలోచించాడు. “నవ్వుకుంట పోయిండు.”

ఆ రోజు ఇంట్లో అందరూ నవ్వారు. శంకర్రావు నడకను అనుకరించి హితేష్ మరీ నవ్వించాడు. వాక్యం బాగుందని మేనేజరు మెచ్చుకున్నాడు, వాక్యంలో ఉన్నది అతనికి వినపడలేదు, ఆ సంగతి తమకూ తట్టలేదు. వరండాలో అన్న ఆ మాటకు ఇప్పుడు సాక్షి లేడు. చెప్పినవాడు ఒకడు, విన్నవాడు ఒకడు, విన్నవాడికి యాదికి లేదు.

“మామా, మంచిగ వినుండ్రి.” రుతుజ నేల మీద ఆయన ఎదుట కూర్చుంది. “రేపు తాళం ముచ్చట వస్తది. రావాలె. మీరు ముందే చెప్పిన్రు అని తేలితే, స్విచ్చు ఎవరేసినా తప్పు మీ మీదికి రాదు, తాళం బాగు చేపియ్యనోళ్ళ మీదికి పోతది. చెప్పలేదంటే, పెట్టె మీ జిమ్మా, తాళం మీ జిమ్మా. అందుకని తాళం ముచ్చట అడిగితే ఎస్ అనాలె.”

“ఎస్ అనాల్నా?” శివరాం అదిరిపడ్డాడు.

“దానికి ఒక్కదానికే.”

“అయ్యో దేవా!” రత్నాబాయి చేట పక్కకు నెట్టింది. “పొద్దటిసంది ఎస్ అనొద్దు అంటిరి. ఇప్పుడు దీనికి అను, దానికి అనొద్దు అంటిరి. ఆ మేడమ్ జల్లెడ పట్టి అడుగుతదా ఏంది? ఒక్కటే చెప్పుండ్రి ఆయనకు. ఎస్ అనొద్దు. బస్.”

“అత్తమ్మా, తాళం ముచ్చటనే అసలు...”

“నీ చదువు చాలు తల్లీ! చూసినం!”

“అమ్మ చెప్పిందే కరెక్టు,” అన్నాడు హితేష్, భార్య కళ్ళలోకి చూడకుండా. “కన్ఫ్యూజ్ అయితడు. సమజ్ గాకపోతే ‘ప్లీజ్ రిపీట్’ అనాలె. అప్పుడు గుడ సమజ్ గాకపోతే ‘నో మేడమ్’. నో అంటే ఎవడేం చేస్తడు?”

రుతుజ చేట తన ముందుకు లాక్కుంది. తన మాటకు ఈ ఇంట్లో ఇంకా విలువ ఉండవలసిన కారణమేదీ ఆమెకే కనిపించలేదు.

*

ఆ ఆదివారం మధ్యాహ్నమంతా శివరాం చేత ఊకొట్టడం మాన్పించే పని రత్నాబాయి తన నెత్తికెత్తుకుంది. ఎదురుగా మఠం వేసుకుని, చేతిలో గరిటె పట్టుకుని కూర్చుంది.

“నేను మాట్లాడుత. నువ్వు గప్పుచిప్. సమజైందా?”

“ఊ.”

గరిటె పళ్ళెం మీద ఠంగుమంది.

“మొదలే కాలే, అప్పుడే ఊ అంటివి! విను. పక్క ఖోలీ పూనం చీర ఆరేసింది. గాలికి పోయి కింద బ్యాగుల కార్ఖానా రేకుల మీద పడ్డది.”

శివరాం పెదవులు బిగించాడు.

“కార్ఖానా మనిషి నిచ్చెన వేసుకుని ఎక్కిండు. చీర పట్టుకున్నడు. నిచ్చెన కిందినుంచి ఎవడో గుంజుకపోయిండు.”

“ఊ! ఎవడు?”

ఠంగ్.

ఎల్లయ్య కూడా గడప దగ్గర నవ్వు ఆపుకోలేకపోయాడు. నవ్వి, వెంటనే కొడుకు గుర్తొచ్చినవాడిలా ముఖం కిందికి దించుకున్నాడు. గదిలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

“మళ్ల చెప్పు,” అన్నాడు శివరాం, గట్టిగా కళ్ళు మూసుకుని.

ఆమె మళ్ళీ చెప్పింది. ఇంకోటి చెప్పింది. పెళ్ళైన కొత్తలో తాను పుట్టింటికి అలిగి పోయిన సంగతి చెప్పింది. ఏ మాటకూ బదులు రాని ఆ గదిలో ఆమె గొంతు క్రమంగా సన్నబడింది. సాయంత్రానికి శివరాం నేర్చుకున్నాడు. భార్య ఎంత చెప్పినా ఆయన ముఖంలో ఒక్క గీతైనా కదలలేదు. రత్నాబాయి గరిటె కింద పెట్టి, కొంగుతో మెడ తుడుచుకుంది.

“నేర్చుకున్నడు,” అంది. కానీ ఆ గొంతులో గెలిచిన సంతోషం లేదు. “గోడతోని మాట్లాడినట్టున్నది.”

*

సోమవారం రత్నాబాయి స్వయంగా కిందికి దిగి వెళ్ళి బ్యాగులు కుట్టే మిషన్లు ఆపించింది. ఏమని చెప్పిందో తెలియదు. కార్ఖానావాళ్ళు మారుమాట లేకుండా ఆపారు. పూనం తన టీవీ కట్టేసింది. చాల్ మొత్తం మీద వినిపించేది ఫోరస్ రోడ్డు హారన్లు మాత్రమే. వాటిని ఆపగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

శివరాం స్నానం చేసి, ఇస్త్రీ చేసిన సూపర్వైజరు చొక్కా వేసుకున్నాడు. ఫోనులో చొక్కా కనపడదు కదా అని హితేష్ అనలేదు. పనికి పోతూ తండ్రి కాళ్ళకు దండం పెట్టి వెళ్ళాడు.

తలుపు మూశారు. గ్యాలరీలో కిటికీ కింద రుతుజ, ఆమెనానుకుని రత్నాబాయి, కాస్త దూరంగా ఎల్లయ్య. కిటికీ రెక్క ఒకటి సరిగా పడదు. ఆ సందులోంచి మంచం కోడు, శివరాం మోకాళ్ళు, మోకాళ్ళ మీద బోర్లించిన రెండు చేతులు కనిపిస్తున్నాయి.

ఫోను మోగింది.

అదే గొంతు. అదే మర్యాద. కుశలమడిగింది. శివరాం, “గుడ్ ఆఫ్టర్నూన్ మేడమ్,” అన్నాడు. గదిలో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది. “ప్లీజ్ రిపీట్ మేడమ్.” మళ్ళీ అడిగింది, నెమ్మదిగా. “నో మేడమ్.” రుతుజ ఊపిరి వదిలింది.

ఆమె ఒక వాక్యం చదివింది. ఆగింది.

లోపల నిశ్శబ్దం. శివరాం మోకాళ్ళ మీది వేళ్ళు ముడుచుకుని విచ్చుకున్నాయి. ఊ లేదు, ఎస్ లేదు. వింటున్నారా అని ఆ గొంతు అడిగింది. దానికీ నిశ్శబ్దమే. ఇంకోసారి అడిగింది, ఈసారి మర్యాద కొంచెం పలుచబడింది. “ప్లీజ్ రిపీట్ మేడమ్.”

ఆ రోజు స్విచ్చు వేసింది మీరేనా, అని అడిగింది ఆమె.

స్విచ్ అన్న మాట శివరాం పట్టుకున్నాడు. మోకాళ్ళ మీదినుంచి చేతులు లేచాయి. “నో మేడమ్! నో స్విచ్. ఐ అప్. వాటర్ ట్యాంక్.”

“ఏమన్నడు?” ఎల్లయ్య ముందుకు జరిగి అడిగాడు.

“వెయ్యలేదన్నడు కాకా. మీద ట్యాంకి దగ్గర ఉన్నన్నడు.”

ఎల్లయ్య రెండు చేతులూ ముఖం మీద కప్పుకున్నాడు. రత్నాబాయి కళ్ళు మూసుకుని పెదవులతో ఏదో దండం చెప్పుకుంటోంది. కోడలి మణికట్టు ఆమె చేతిలో ఉంది. ఎప్పుడు పట్టుకుందో ఇద్దరికీ తెలియదు.

అవతల కాగితం తిప్పిన చప్పుడు. తరువాత ఆ గొంతు ఒక పొడుగాటి ప్రశ్న వేసింది.

ప్రమాదానికి పూర్వం, ఆ విద్యుత్ పరికరపు భద్రతలో ఏదైనా లోపమున్నట్టు మీ పై అధికారుల దృష్టికి తీసుకువెళ్ళారా?

రుతుజ సందుకు ఇంకా దగ్గరగా జరిగింది. ఇదే. ఈ ఒక్క ప్రశ్న కోసమే. వరండాలో చేతులు కట్టుకుని అప్పజెప్పిన ఆ వాక్యం కోసమే అడుగుతోంది. కానీ అందులో లాక్ అన్న మాట లేదు. ప్యానెల్ లేదు. బ్రోకెన్ లేదు. ఆయన నేర్చుకున్న మాటల్లో ఒక్కటీ ఆ ప్రశ్నలో లేదు.

కిటికీ సందులో శివరాం వేళ్ళు మోకాలి గుడ్డను నులుముతున్నాయి.

“ప్లీజ్ రిపీట్ మేడమ్.”

ఆమె అదే ప్రశ్నను, అవే మాటలతో, ఇంకా నెమ్మదిగా చదివింది. అర్థం కానిదాన్ని నెమ్మదిగా చదివితే అర్థమవుతుందని నమ్మేవాళ్ళలా చదివింది.

రుతుజ కిటికీ వైపు వంగింది. “మామా, తాళ...”

రత్నాబాయి అరచేయి ఆమె నోటి మీద పడింది. నిన్నటి చిక్కుడు పసరు వాసన ఇంకా పోలేదు. “గప్పుండు!” చెవిలో బుసకొట్టినట్టుగా అంది. “వెనకనుంచి అందియ్యొద్దన్నరు కద! మళ్ల నువ్వే చెడగొడతవా?”

రుతుజ తల విదిలించుకోబోయింది. అత్తగారి రెండో చెయ్యి ఆమె మణికట్టును గోడకేసి అదిమిపట్టింది. రాళ్ళు మోసినవాళ్ళ ఇంటి చెయ్యి.

లోపల శివరాం నిటారుగా కూర్చున్నాడు.

“నో మేడమ్,” అన్నాడు. స్పష్టంగా, తడబడకుండా, పాఠం పూర్తిగా వచ్చిన విద్యార్థిలా.

మీరింకేమైనా చెప్పదలుచుకున్నారా, అని అడిగింది ఆమె.

“నో మేడమ్.”

థ్యాంక్యూ అని, ఆ రోజు శుభం కలగాలని కోరి, ఆమె ఫోను పెట్టేసింది.

రత్నాబాయి చెయ్యి తీసింది. తలుపు తోసుకుని రుతుజ లోపలికి పరుగెత్తింది. శివరాం చేతిలోంచి ఫోను లాక్కుని ఆ నంబరుకు తిరిగి చేసింది. ఈ నంబరుకు కాల్స్ స్వీకరించబడవు అంది ఇంకొక ఆడ గొంతు, ముందు హిందీలో, తరువాత మరాఠీలో, చివరికి ఇంగ్లీషులో. మళ్ళీ చేసింది. శంకర్రావుకు చేసింది. ఆయన ఫోను మోగి మోగి ఆగిపోయింది.

“ఎట్లున్నది బిడ్డా?” శివరాం ముఖం వెలిగిపోతోంది. చొక్కా చంకల్లో చెమటతో తడిసిపోయింది. “ఒక్కపారి గుడ ఎస్ అనలే. చూసినవా? ఒక్కపారి గుడ!”

“సింహం లెక్క మాట్లాడిండు,” అంది రత్నాబాయి. పొయ్యి వెలిగించింది. చాలా రోజుల తరువాత ఆమె కొంగు నడుముకు బిగించింది. కింద బ్యాగుల మిషన్లు ఒకటొకటిగా మొదలయ్యాయి. “ఎల్లన్నా, లోపటికి రా. గడప మీద కూసునుడేంది? చా తాగు.”

ఎల్లయ్య ఆ రోజు మొదటిసారి గడప దాటాడు. శివరాం పక్కన మంచం అంచున కూర్చుని, ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. “నాకు ఎరుక అన్నా,” అన్నాడు. “నువ్వు చెయ్యవని నాకు ముందే ఎరుక.”

టీ గ్లాసుల్లో మొదటిది రత్నాబాయి కోడలి చేతికిచ్చింది. కళ్ళలోకి చూడకుండా ఇచ్చింది; ఇచ్చిన చెయ్యి మాత్రం ఆమె మణికట్టు మీద, తాను నొక్కిపెట్టిన చోట, ఒక క్షణం ఆగింది.

“కోపంల నిన్ను మస్తు అన్న. మనసుల పెట్టుకోకు,” అంది. “అవునూ, ఆఖరుకు అంత పెద్దగ ఏమో అడిగింది కద ఆమె? రెండుసార్లు చదివింది. ఏమడిగింది?”

“అవు బిడ్డా,” అన్నాడు ఎల్లయ్య. “ఏమడిగింది?”

గ్లాసు వేడి వేళ్ళకు తగులుతున్నా రుతుజ దాన్ని కింద పెట్టలేదు. ఎల్లయ్య చేతుల్లో మామగారి చెయ్యి ఉంది. ముగ్గురి ముఖాలూ ఆమె వైపే తిరిగి ఉన్నాయి.

“మామా,” అంది. గ్లాసు రెండో చేతిలోకి మార్చుకుంది. “మామా, ఆమె ఏమడిగిందంటే...”

శివరాం ముందుకు వంగాడు. నిన్నంతా గరిటె దెబ్బలతో మాన్పించుకున్న అలవాటు, ఇంట్లో తనవాళ్ళ నడుమ, ఏ భయమూ లేకుండా తిరిగి వచ్చింది.

“ఊ,” అన్నాడు.